ఎనిమిదో నంబరు ట్యూబు

బిడ్డ వాంతి చేసుకుందని చెప్పగానే నేను ముందు అడిగేది రంగు. ఎన్నిసార్లు, ఎంత అనేవి తర్వాత. విరిగిన పాలలా తెల్లగా ఉంటే కాస్త ఆగి చూడొచ్చు. ముర్రుపాలు తాగిన బిడ్డ కక్కితే లేత పసుపుగా ఉంటుంది, దానికీ కంగారు లేదు. తోటకూర నలిపితే వచ్చే పసరులా ఆకుపచ్చగా ఉంటే మాత్రం పేగులో అడ్డం ఉందనే లెక్క వేసుకోవాలి, లేదని ఎక్స్‌రే తేల్చేదాకా. నవజాత శిశువుల సర్జరీ వార్డులో నర్సుగా చేరినవాళ్ళకి అక్షరాభ్యాసం ఇదే.

ఆ పచ్చదనం పైత్యరసానిది. కాలేయం నుంచి వచ్చే ఈ రసం చిన్నపేగు మొదట్లోనే, డ్యుయోడినంలో పడుతుంది. అక్కడి నుంచి కిందికి దారి ఉంటే మలంతో పోతుంది. దారి లేకపోతే వెనక్కి తన్ని కడుపులోకి, కడుపు నిండితే నోట్లోకి వస్తుంది. పైత్యం పడే చోటుకి పైనే పేగు మూసుకుపోయిన కొద్దిమంది పిల్లలు తెల్లగానే కక్కుతారు. వాళ్ళని పట్టించేవి రెండు: పట్టిన ప్రతి పాలూ తిరిగి రావడం, గర్భంలో తీసిన స్కానింగులో ఉమ్మనీరు ఎక్కువగా ఉందని రాసి ఉండటం. కడుపులో బిడ్డ ఉమ్మనీరు మింగుతూ ఉంటుంది. పైనే అడ్డం ఉంటే మింగింది కిందికి దిగదు, నీరు పేరుకుపోతుంది. స్కానింగులో ఈ మాట కనిపిస్తే కాన్పు పిల్లల సర్జన్ అందుబాటులో ఉన్న చోట పెట్టుకోవడం అన్నిటికన్నా తేలిక. పుట్టాక బిడ్డని తరలించడం కన్నా కడుపులో ఉండగా తరలించడం ఎంతో సుఖం.

పసరు కళ్ళతో చూసి కూడా కాలం గడిపేసే మాటలు మా ఉత్తరాంధ్రలో కొన్ని ఉన్నాయి. "ఉమ్మనీరు మింగేశాడు, కడుపు కడిగితే పోద్ది." "గ్యాసు పట్టింది, బొడ్డు చుట్టూ ఇంగువ రాయండి." "దొడ్డికి రాలేదు, ఓ చుక్క ఆముదం పట్టండి." ఇంగువతో పోయేది కాలమే. ఆముదం, వస, గ్రైప్ వాటర్ అంతకన్నా చెడ్డవి. అవి వాంతితో పాటు ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా అవుతుంది. ఆ బిడ్డకి మత్తు ఇవ్వడానికి మత్తు డాక్టరుగారు జంకుతారు, ఆపరేషన్ వెనక్కి పోతుంది.

దొడ్డికి వెళ్ళాడు కాబట్టి అడ్డం లేదనుకోవడం ఇంకో పొరపాటు. నెలలు నిండి పుట్టిన పిల్లలు దాదాపు అందరూ 24 గంటల్లోపు నల్లటి తొలి మలం వదులుతారు. వదలకపోతే అనుమానించాలి. వదిలితే మాత్రం పేగు బాగున్నట్టు కాదు. అడ్డానికి దిగువన అంతకుముందే తయారైన మలం ఉంటుంది, అది తన దారిన తాను వచ్చేస్తుంది. పొట్ట మెత్తగా ఉండటం కూడా ఏమీ చెప్పదు. అడ్డం ఎంత పైన ఉంటే పొట్ట అంత చదునుగా ఉంటుంది. కింద ఉంటేనే డప్పులా ఉబ్బుతుంది. ఇక హుషారుగా ఏడవడం అంటారా, పేగు మెలిపడిన బిడ్డ కూడా మొదటి గంటల్లో అలాగే ఏడుస్తుంది.

వాంతి పడిన గుడ్డని ఉతికేయకుండా తీసుకురండి. లేదా పగటి వెలుతురులో ఫోటో తీయండి. ట్యూబ్‌లైటు కింద, ఫోన్ ఫ్లాష్‌లో పచ్చకీ పసుపుకీ తేడా తెలియదు.

దారిలో

పాడేరు నుంచి గానీ అరకు నుంచి గానీ విశాఖ 110 కిలోమీటర్లకు అటూఇటూగా ఉంటుంది. అందులో ఘాట్ రోడ్డు. ఏజెన్సీ నుంచి వచ్చే రిఫరల్ చాలావరకు 108లో కేజీహెచ్‌కి, అంటే విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రికి, చేరుతుంది. మూడు గంటల పైచిలుకు ప్రయాణం. ఆ మూడు గంటల్లో బిడ్డకి పేగు అడ్డం వల్ల వచ్చే ప్రమాదం ఒక ఎత్తు, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవడం, ఒళ్ళు చల్లబడటం ఇంకో ఎత్తు. ఈ రెండోవి పూర్తిగా ఆపగలిగినవి.

వాంతి ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఆపే మందు ఒక ప్లాస్టిక్ గొట్టం. శిశువుల ఫీడింగ్ ట్యూబు, ఎనిమిదో నంబరు, చివర నీలం రంగు ఉండేది. బయల్దేరే ముందు అది కడుపులోకి పడాలి. పొడవు కొలవడానికి ముక్కు కొన నుంచి చెవి తమ్మె దాకా, అక్కడి నుంచి రొమ్ము ఎముక చివరకీ బొడ్డుకీ మధ్య చోటు దాకా పట్టి చూసి, ఆ గుర్తు దగ్గర టేపు చుట్టాలి. సన్నది అయితే బిడ్డకి నొప్పి ఉండదు కదా అని ఐదో నంబరు, అంటే బూడిద రంగుది, వేసి పంపుతుంటారు. చిక్కటి పసరు అందులోంచి రాదు. ట్యూబు ఉందన్న ధైర్యం తప్ప కడుపు ఖాళీ కాదు. నెలలు నిండని చిన్న బిడ్డకైతే ఆరో నంబరు సరే, రెండు కిలోలు దాటిన బిడ్డకి ఎనిమిది తగ్గకూడదు.

సరైన ట్యూబు వేసి మూత పెట్టేయడం నేను ఇంకా ఎక్కువగా చూసే తప్పు. పాలు పట్టే ట్యూబుకి మూత పెట్టడం అలవాటు కాబట్టి చేయి దానంతట అదే మూసేస్తుంది. ఇక్కడ అది కాలువ, మూయకూడదు. చివర ఒక మూత్రం సంచికో, చేతి తొడుగు వేలికో కట్టి బిడ్డ కన్నా కిందికి వేలాడదీయాలి. పైగా అరగంటకోసారి 5 మి.లీ. సిరంజితో నెమ్మదిగా లాగాలి, ఎంత వచ్చిందో కాగితం మీద రాయాలి. బలంగా లాగితే కడుపు గోడ ట్యూబు కన్నానికి అతుక్కుని నెత్తురు జీర వస్తుంది, దాన్ని చూసి అందరూ హడలిపోతారు.

రెండోది వెచ్చదనం. విశాఖ ఎండ సంగతి తెలిసినవాళ్ళకి కూడా పసిబిడ్డ చల్లబడుతుందంటే నమ్మకం కుదరదు. తడి ఒళ్ళు, అంబులెన్సు ఏసీ, తెల్లవారుజాము ఘాట్ గాలి చాలు. తలకి టోపీ, కాళ్ళకి మేజోళ్ళు, ఒంటికి పొడిగుడ్డ, దాని పైన పలచటి ప్లాస్టిక్ చుట్టు, అన్నిటి కన్నా మేలు పెద్దవాళ్ళ రొమ్ముకి ఆనించి కట్టుకోవడం. తల్లికి సిజేరియన్ అయి రాలేకపోతే తండ్రి రొమ్ము, నాయనమ్మ రొమ్ము కూడా అంతే వెచ్చన. వేడినీళ్ళ సీసాలు పక్కన పెట్టొద్దు, చర్మం కాలుతుంది.

తల్లి రాలేకపోతే ఆమె రక్తం రావాలి. ఇది చాలామంది మరిచిపోతారు. పసిబిడ్డకి ఎక్కించే రక్తాన్ని సరిచూసేటప్పుడు తల్లి రక్తంతో కూడా పోలుస్తారు, ఎందుకంటే మొదటి నెలల్లో బిడ్డ రక్తంలో తిరిగే యాంటీబాడీలు తల్లివే. రెండు మూడు మి.లీ. తీసి పేరు, తేదీ రాసిన ట్యూబులో తండ్రి చేతికిస్తే సరిపోతుంది. లేకపోతే అర్ధరాత్రి ఒక మనిషిని మళ్ళీ కొండెక్కించాలి. దానితో పాటు పుట్టిన సమయం, బరువు, విటమిన్ కె సూది వేశారా లేదా అన్నది స్పష్టంగా రాసి ఉండాలి. 1 మి.గ్రా. సూది. వేయకుండా వేసినట్టు రాస్తే ఆపరేషన్ బల్ల మీద ఆ అబద్ధం రక్తంగా కారుతుంది.

కాగితాల సంగతి ఒక్క ముక్క: బిడ్డకి పేరు పెట్టలేదు కదా అని ఎవరూ ఆగక్కర్లేదు, తల్లి పేరు మీదే నమోదవుతుంది. ఎన్టీఆర్ వైద్యసేవ కోసం రేషన్ కార్డు, ఆధార్ వెనక వచ్చేవాళ్ళ చేత తెప్పించుకోవచ్చు.

మొదటి గంట

రెండు కిలోల రెండువందల గ్రాముల బిడ్డని లెక్కకి తీసుకుందాం. మాకు ఇది మామూలు బరువు. ఆ బిడ్డ ఒంట్లో ఉండే రక్తం మొత్తం 190 మి.లీ.కి అటూఇటూ. రైల్లో ఇచ్చే చిన్న నీళ్ళ సీసా నిండదు. ఇక ముందు చెప్పే ప్రతి అంకెనీ దీని పక్కన పెట్టుకుని చదవండి.

రాగానే బరువు, చంకలో టెంపరేచర్, మడమ గుచ్చి షుగర్. 36.5 కన్నా తక్కువ ఉంటే ముందు వార్మర్ కింద వేడెక్కాలి. వెంటనే మలద్వారం చూస్తాం. ఇది వినడానికి వింతగా ఉంటుంది, కానీ ద్వారమే లేకుండా పుట్టిన బిడ్డని పొట్ట ఉబ్బరం అని రెండు రోజులు ఇటూ అటూ తిప్పిన సందర్భాలు ఉన్నాయి. గుడ్డ విప్పి చూడటానికి పది సెకన్లు.

ట్యూబులోంచి ఎంత వస్తుందో కొలుస్తాం. పుట్టిన బిడ్డ కడుపులో మామూలుగా 5 మి.లీ. లోపే ఉంటుంది. 20, 25 మి.లీ. పసరు ఒక్కసారి వచ్చిందంటే ఎక్స్‌రే తీయకముందే సగం జబ్బు తెలిసినట్టు. అలా పోయినదంతా బిడ్డ ఒంట్లోని ఉప్పునీరే. దానికి సమానంగా, మి.లీ.కి మి.లీ., నార్మల్ సెలైన్ వేరే లైనులో వెనక్కి ఎక్కించాలి, మూత్రం పోసిందని తెలిశాక అందులో పొటాషియం కలపాలి. ఇది రోజువారీ గ్లూకోజ్ నీళ్ళకి అదనం. మొదటి రోజు కిలోకి 60 నుంచి 80 మి.లీ. చొప్పున 10 శాతం డెక్స్‌ట్రోజ్, అంటే మన బిడ్డకి గంటకి 6, 7 మి.లీ. ఒళ్ళు వాడిపోయి ఉంటే ముందుగా కిలోకి 10 మి.లీ. చొప్పున 22 మి.లీ. సెలైన్ ఒకసారి, పావుగంట నుంచి అరగంటలో. చాలిందో లేదో చెప్పేది మూత్రం. గంటకి కిలోకి 1 మి.లీ. తగ్గకూడదు. దూదిని పొడిగా ఒకసారి, తడిశాక ఒకసారి తూస్తాం, గ్రాము పెరిగితే ఒక మి.లీ.

గ్లూకోజ్ ఒక్కటే పెట్టి, ట్యూబులో పోయింది కలపకుండా పంపిన పిల్లలు సోడియం బాగా పడిపోయి వస్తారు. వాళ్ళు నిద్రపోతున్నట్టు కనిపిస్తారు. అది నిద్ర కాదు.

బుడగలు లెక్కపెట్టడం

పసిబిడ్డ మింగిన గాలే ఇక్కడ ఖర్చులేని ఎక్స్‌రే మందు. పుట్టగానే కడుపులో చేరి, ఒక రోజులో పెద్దపేగు చివరిదాకా నడుస్తుంది. ఆగిన చోటే అడ్డం. రెండు బుడగలు కనిపించి కింద అంతా తెల్లగా ఉంటే డ్యుయోడినం మూసుకుంది. మూడు నాలుగు ఉంటే జెజునం, అంటే చిన్నపేగు మధ్య భాగం, మొదట్లో. నీటిమట్టాలతో బోలెడు ఉంటే కింద ఎక్కడో, ఇలియంలోనో (చిన్నపేగు చివరి భాగం) పెద్దపేగులోనో. ఈ వయసులో చిన్నపేగునీ పెద్దపేగునీ ఎక్స్‌రేలో విడదీసి చెప్పడం కుదరదు. అందుకే కింది అడ్డాలకి మలద్వారం వైపు నుంచి నీటిలో కరిగే కాంట్రాస్ట్, అంటే ఎక్స్‌రేలో కనిపించే మందు, ఎక్కించి ఫోటో తీస్తారు. పెద్దపేగు పెన్సిలంత సన్నగా కనిపిస్తే పైనుంచి దానిలోకి ఏమీ రాలేదని, వాడకం లేక అలా ఉండిపోయిందని అర్థం. నరాల కణాలు లేక పేగు కదలని హిర్ష్‌స్ప్రంగ్ జబ్బు అనుమానం వస్తే దారి మారుతుంది: గోరువెచ్చని నార్మల్ సెలైన్‌తో కడగడం, పురీషనాళం నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష. మామూలు నీళ్ళతో మాత్రం కడగకూడదు, పేగు ఆ నీటిని పీల్చుకుని సోడియం పడిపోతుంది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. మన ట్యూబు బాగా పనిచేస్తే కడుపు పూర్తిగా ఖాళీ అయి ఎక్స్‌రేలో బుడగలే కనపడవు. రిపోర్టు ఏమీ లేదని వస్తుంది. అప్పుడు ట్యూబులోంచి 20, 30 మి.లీ. గాలి మెల్లగా ఎక్కించి వెంటనే మళ్ళీ తీయించాలి, తర్వాత ఆ గాలిని లాగేయాలి.

రెండు బుడగలుండి కింద కూడా కాస్త గాలి చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అందరూ తేలిగ్గా ఊపిరి తీసుకుంటారు. మా సర్జన్లకి మాత్రం అప్పుడే గుండె ఝల్లుమంటుంది. దారి పూర్తిగా మూసుకోలేదు కాబట్టి మాల్‌రొటేషన్‌తో, అంటే గర్భంలో పేగులు సరిగ్గా తిరిగి సర్దుకోక, పేగు మెలిపడి ఉండొచ్చు. పై నుంచి కాంట్రాస్ట్ ఇచ్చి చూస్తే డ్యుయోడినం వెన్నెముక దాటి ఎడమ వైపుకి వెళ్ళాలి. వెళ్ళకుండా కుడి వైపే మెలికలు తిరుగుతూ దిగితే ఇక ఆలోచించేది లేదు. బిడ్డ పొట్ట గట్టిపడి, దొడ్డిలో నెత్తురు పడుతుంటే ఆ ఫోటో కోసం కూడా ఆగరు.

వార్డు బయట గొడవలన్నీ ఈ తేడా దగ్గరే వస్తాయి. పక్క మంచం బిడ్డని వచ్చిన అరగంటకే థియేటర్‌కి తీసుకెళ్ళారు, మా బిడ్డని రేపు అంటున్నారేం? పేగు పుట్టుకతో మూసుకున్న బిడ్డకి ట్యూబు సరిగ్గా పారుతుంటే ఒకటి రెండు రోజుల వ్యవధి ఉంటుంది. ఆ లోపు వేడి, షుగర్, సోడియం సర్దుకోవాలి, గుండె ఎకో తీయాలి. డ్యుయోడినం మూసుకున్న పిల్లల్లో దాదాపు మూడో వంతు మందికి డౌన్ సిండ్రోమ్ ఉంటుంది, గుండెలో రంధ్రాలూ తోడవుతాయి. మత్తు ఇచ్చేవాళ్ళకి అది ముందే తెలియాలి. మెలిపడిన పేగుకి ఆ వ్యవధి లేదు. రక్తం ఆగిన పేగు గంటల్లో చచ్చిపోతుంది, ఒక్కోసారి చిన్నపేగు దాదాపు మొత్తం. ఇదంతా అర్ధరాత్రి వరండాలో తండ్రికి చెప్పి ఒప్పించడం సూది పెట్టడం కన్నా కష్టం. నేను కాగితం మీద రెండు గీతలు గీస్తాను: ఒకటి మధ్యలో తెగిన గొట్టం, ఒకటి మెలేసిన తువ్వాలు. తువ్వాలు చూడగానే అర్థమైపోతుంది.

బల్ల మీద

థియేటర్‌లో ఏసీ కట్టేస్తాం, 26 నుంచి 28 డిగ్రీలు. విశాఖ మే నెల ఉక్కలో గౌన్లు, తొడుగులు వేసుకుని రెండు గంటలు నిలబడటం ఎలా ఉంటుందో ఊహించుకోండి. సర్జన్ నుదురు తుడవడానికి ఒక మనిషి కావాలి. బిడ్డ తల, కాళ్ళు, చేతులు దూదిపొరతో చుట్టేస్తాం, పొట్ట ఒక్కటే బయట. కోత బొడ్డుకి కాస్త పైన, అడ్డంగా, నాలుగైదు సెంటీమీటర్లు. తడిసిన గాజుగుడ్డ ప్రతిదీ తూస్తాం. 190 మి.లీ. బిడ్డకి 20 మి.లీ. పోతే పదో వంతు పోయినట్టు.

డ్యుయోడినం మూసుకున్న చోటుని కోసి తీసేయరు. ఆ పక్కనే పైత్యనాళం తెరుచుకుంటుంది, తగిలితే అంతే సంగతులు. పై భాగాన్ని అడ్డంగా, కింది భాగాన్ని నిలువుగా కోసి రెండిటినీ కుడతారు. కుట్టు పూర్తయ్యాక మధ్య దారి వజ్రం ఆకారంలో నోరు తెరిచి ఉంటుంది. దీన్ని 1977లో జపాన్ సర్జన్ కిమురా చెప్పారు. అడ్డం గోడలా కాక పల్చటి పొరలా ఉంటే మోసం చేస్తుంది. పొర గాలికి ఉబ్బిన సంచిలా కిందికి జారి, వెడల్పు మారినచోట అడ్డం ఉన్నట్టు భ్రమపెడుతుంది, అసలు మొదలు పైన ఎక్కడో ఉంటుంది. అందుకే లోపల నుంచి ఒక ట్యూబు దించి చూస్తారు. మళ్ళీ అదే ఎనిమిదో నంబరు.

జెజునం, ఇలియం మూసుకోవడం వేరే కథ. అక్కడ గర్భంలోనే ఆ ముక్కకి రక్తం ఆగి పేగు ఎండిపోతుంది. 1955లో కేప్‌టౌన్‌లో లౌ, బర్నార్డ్ అనే ఇద్దరు సర్జన్లు గర్భంలోని కుక్కపిల్లల పేగుకి రక్తం అందకుండా కట్టి, పుట్టాక చూస్తే సరిగ్గా ఈ జబ్బే తయారైంది. ఆ బర్నార్డే 1967లో మొదటిసారి మనిషికి మనిషి గుండె మార్చినాయన. గర్భంలో ఏదో తిన్నందుకు, గ్రహణం చూసినందుకు ఇలా అయిందని కోడల్ని ఆడిపోసుకునే అత్తగార్లకి నేను ఈ కుక్కపిల్లల సంగతే చెబుతుంటాను.

ఇక్కడి చిక్కు సైజులు కలవకపోవడం. అడ్డానికి పైన పేగు ఉబ్బి మూడు నాలుగు సెంటీమీటర్ల లావు ఉంటుంది, కింద పెన్సిల్ అంత. ఉబ్బిన బుడ్డని అలాగే ఉంచి కుడితే దారి తెరుచుకుంటుంది గానీ పాలు నడవవు, సాగిపోయిన పేగుకి తోసే బలం ఉండదు. కాబట్టి పేగు పొడవు సరిపడా ఉంటే ఆ బుడ్డ 10, 15 సెంటీమీటర్లు తీసేస్తారు. కింది భాగం మూతిని ఏటవాలుగా కోసి, వెనక వైపు కొంచెం చీల్చి వెడల్పు చేస్తారు. ఒకే వరస కుట్లు, వెంట్రుక లాంటి 5-0, 6-0 దారం. కుట్టేముందు కింది పేగులోకి సెలైన్ ఎక్కించి చివరిదాకా పారుతుందో లేదో చూడాలి. సైకిల్ ట్యూబుకి ఒక పంక్చర్ అతికించి నీళ్ళలో ముంచకుండా టైరు ఎక్కించేస్తే ఎలా ఉంటుందో, రెండో అడ్డాన్ని చూడకపోవడం అలా ఉంటుంది.

మెలిపడిన పేగుని గడియారం ముల్లుకి ఎదురు దిశలో విప్పుతారు, ఒక్కోసారి రెండు మూడు చుట్లు. గోరువెచ్చని సెలైన్ గుడ్డలు కప్పి పది, ఇరవై నిమిషాలు ఎదురుచూడటమే. నల్లగా ఉన్నది ఎర్రబడితే గెలిచినట్టు. ఎటూ తేలకపోతే కోసేయకుండా మూసి, ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ తెరిచి చూస్తారు. తర్వాత డ్యుయోడినం మీదుగా పోయే అడ్డుపట్టీలు కోసి, చిన్నపేగు కుడికి, పెద్దపేగు ఎడమకి సర్దుతారు. అపెండిక్స్ తీసేస్తారు, ఎందుకంటే ఇక అది ఎడమ పక్కకి వెళ్ళిపోతుంది, పెద్దయ్యాక అక్కడ నొప్పి వస్తే ఏ డాక్టరూ పోల్చుకోలేడు. 1936లో అమెరికా సర్జన్ లాడ్ రాసిన పద్ధతి, ఇప్పటికీ పెద్దగా మారలేదు.

ముగించే ముందు మిగిలిన చిన్నపేగుని తడిదారంతో కొలిచి ఆపరేషన్ నోట్‌లో రాస్తారు. నెలలు నిండిన బిడ్డకి సుమారు రెండున్నర మీటర్లు ఉండాలి. మిగిలిందెంత, చిన్నపేగు పెద్దపేగులో కలిసేచోట కవాటం మిగిలిందా అన్న రెండు ముక్కల మీదే రాబోయే సంవత్సరం నడుస్తుంది.

ట్యూబు రంగు మారేదాకా

ఆపరేషన్ రెండు గంటలు, ఆ తర్వాతది రెండు మూడు వారాలు. "ఏటి సిస్టరమ్మా, కోసి కుట్టేశారు కదా, చుక్క పాలయినా పట్టరా?" అని నాయనమ్మలు రోజూ అడుగుతారు. నేను ట్యూబుకి కట్టిన సంచి చూపిస్తాను. మొదటి రోజుల్లో చిక్కటి ఆకుపచ్చ. తర్వాత పల్చటి పచ్చ, పసుపు, చివరికి లాలాజలంలా తెలుపు. రంగు మారాలి, పరిమాణం తగ్గాలి, దొడ్డికి వెళ్ళాలి. మూడూ కలిస్తేనే పాలు. ఇలియం అయితే వారం అటూఇటూ, డ్యుయోడినం అయితే వారం నుంచి రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

ఈ ట్యూబు పెదవి దగ్గర ఎంత లోతులో ఉందో పెన్నుతో గుర్తు పెడతాం, ప్రతి షిఫ్టుకీ చూస్తాం. అకస్మాత్తుగా ఏమీ రావడం లేదంటే పేగు బాగుపడిందని సంబరపడకూడదు, ముందు ట్యూబు మూసుకుందేమో చూడాలి. 1 మి.లీ. సెలైన్ పంపి వెనక్కి లాగితే తెలుస్తుంది. డ్యుయోడినం కుట్టిన బిడ్డకి ట్యూబు ఊడిపోతే నర్సు తనంతట తాను మళ్ళీ వేయకూడదు, కొన కొత్త కుట్టుని పొడుస్తుంది. సర్జన్ రావాలి. బిడ్డ చేతులు చాలా చురుకైనవి, అందుకే మేజోళ్ళు చేతులకి కూడా తొడుగుతాం.

అన్నాళ్ళూ తిండి సన్నటి లాంగ్ లైను ద్వారా నరంలోకి: గ్లూకోజు, కిలోకి సుమారు 3 గ్రాముల అమైనో ఆమ్లాలు, మరో 3 గ్రాముల కొవ్వు, క్రమంగా పెంచుతూ. ఆ లైనులో ఇంకే సూదీ వేయకూడదు, రక్తం తీయకూడదు. ముట్టుకున్న ప్రతిసారీ సూక్ష్మజీవికి తలుపు తీసినట్టే. వారాలు గడిస్తే కాలేయం అలిసిపోయి కామెర్లు వస్తాయి, అందుకే పాలు మొదలుపెట్టడానికి మాకూ ఆత్రమే.

తల్లి పని మొదటి రోజే మొదలవుతుంది. బిడ్డ తాగకపోయినా మూడు గంటలకోసారి, రాత్రి కూడా, చేత్తో పాలు పిండాలి. రోజుకి ఎనిమిది సార్లు. పిండకపోతే రెండో వారానికి పాలు ఎండిపోతాయి, సరిగ్గా మనకి కావలసిన రోజున. మొదటి ముర్రుపాలు రెండు చుక్కలు దూదిపుల్లతో బిడ్డ బుగ్గల లోపల రాస్తాం, అది ట్యూబు ఉన్నా చేయొచ్చు. మిగిలింది పేరు, సమయం రాసి ఫ్రిజ్‌లో, 24 గంటల వరకు. బాలింతకి పత్యం పేరుతో కారప్పొడి అన్నమే పెట్టి, నీళ్ళు తగ్గించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అక్కడ మాత్రం నేను మొహమాటపడను.

మొదలు మన బిడ్డకి మూడు గంటలకోసారి 3 మి.లీ. తట్టుకుంటే రోజుకి కిలోకి 20 మి.లీ. చొప్పున పెంచుతాం. కిలోకి 150కి చేరితే, అంటే ఒక్కో పూటకి 41 మి.లీ.కి, లైను తీసేయొచ్చు. మధ్యలో పొట్ట ఉబ్బినా, పసరు వచ్చినా ఒక మెట్టు దిగి ఆగుతాం. రెండు మెట్లెక్కి ఒకటి దిగడం మామూలే. కుట్టు బిగుసుకుపోయిందా, పేగు బద్ధకమా అన్నది కాంట్రాస్ట్ ఫోటో చెబుతుంది. చాలాసార్లు రెండోదే అవుతుంది, దానికి మందు ఓపిక.

నేను నిజంగా భయపడేది మూడో రోజు నుంచి ఏడో రోజు దాకా. కుట్టు లీకయితే ఆ రోజుల్లోనే. పెద్దవాళ్ళకి జ్వరం వస్తుంది, పసిబిడ్డ చల్లబడుతుంది. 36 దగ్గర టెంపరేచర్, బూడిద రంగు ఒళ్ళు, ఊపిరి మధ్యలో ఆగడం, పొట్ట చర్మం మెరుస్తూ ఎర్రబడటం, రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోవడం. ఇందులో ఏ రెండు కనిపించినా అప్పటికప్పుడు సర్జన్‌ని లేపాలి. బిడ్డ ఈ రోజు ఎందుకో తేడాగా ఉందని తల్లి అంటే దాన్ని కూడా చార్టులో రాస్తాను.

పేగు కలపడం ప్రమాదమనిపించిన పిల్లలకి పొట్ట మీద స్టోమా పెడతారు, అంటే పేగు కొనని చర్మం మీదికి తెరుస్తారు. దాని చుట్టూ చర్మం పచ్చిపుండు కాకుండా జింక్ ఆక్సైడ్ మందంగా పూయాలి. పాలు బాగా తాగుతున్నా బరువు కదలకపోతే ఉప్పు పోతోందని అనుమానించి మూత్రంలో సోడియం చూపించాలి. ఉప్పు మందు మొదలుపెడితే అదే బిడ్డ అదే పాలతో పెరుగుతుంది.

ఇంటికి

రోజుకి 20, 30 గ్రాములు పెరుగుతూ, రొమ్ము పట్టి తాగుతుంటే పంపేస్తాం. టీకాలు వేళకి వేయించాలి. ఆపరేషన్ అయింది కదా అని ఆపేవాళ్ళు ఎక్కువ. ఆముదం, వస ఇప్పుడు కూడా వద్దు. ఇలియం చివరి భాగం తీసేసిన బిడ్డకి తర్వాతి సంవత్సరాల్లో విటమిన్ బి12 పరీక్ష మరవొద్దు. మళ్ళీ ఎప్పుడు పసరు వాంతి అయినా, నెలకైనా ఐదేళ్ళకైనా, లోపల పేగులు ఒకదానికొకటి అతుక్కుని అడ్డం పడి ఉండొచ్చు. పాలు, నీళ్ళు ఆపి, దగ్గరలోని ఆసుపత్రిలో ట్యూబు వేయించుకుని బయల్దేరాలి. ఏ నంబరో మీకు తెలుసు కాబట్టి అడగండి.

డిశ్చార్జ్ కాగితంలో ఏ పేగు ఎంత తీశారు, ఎంత మిగిలింది, కవాటం ఉందా, అపెండిక్స్ తీశారా అన్నవి లేకపోతే వెళ్ళేముందే రాయించుకోండి. ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచుకోండి. లామినేషన్ మాత్రం చేయించొద్దు. తర్వాత చూసే డాక్టరు దాని మీదే రాయాలి.